రామస్వామి కడిగిన గుండ్లు

సకల జనుల సమ్మెలో సకల జనులూ పని మానేశారు గానీ ముత్తమ్మ చాయ్ కాయడం మానలేదు. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద కుక్కలు కాళ్ళు చాపుకొని పడుకున్నాయి. చివరికి ఆటోలు కూడా బంద్ అనేసరికి స్టాండులోని మగవాళ్ళంతా ముత్తమ్మ హోటలు బెంచీల మీదికి చేరారు. ఆటోలు స్టాండు దాటని ఆ రోజుల్లో రామస్వామి మాటలు మాత్రం కోటలు దాటుతున్నాయి.

రామస్వామిది నల్గొండ దగ్గర పల్లె. మన్సూరాబాద్‌లో కిరాయి ఇల్లు, సొంత ఆటో, అంతకంటే సొంతమైన నోరు. ఆ సాయంత్రం ఆ నోటికి పెద్ద పనే పడింది. మర్నాడు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, రోడ్డు మీదే తిని, రోడ్డు మీదే ఆటలాడాలి. ఆటల్లో బొమ్మ తుపాకీతో బెలూన్లు కొట్టే పోటీ ఒకటుంది. ఒక్కో స్టాండు నుంచి ఒక్కడే మనిషి. టీవీ వాళ్ళు వస్తున్నారు. ఆ ఒక్కడూ ఎవరన్నది స్టాండు ప్రెసిడెంటు మట్టయ్య చెప్పాలి.

ఆ ఒక్కడూ తనే కావాలని రామస్వామికి ప్రాణం కొట్టుకుంటోంది. కారణం తెలంగాణ ఒక్కటే కాదు, తోడల్లుడు కూడా. ఆ తోడల్లుడు రైల్ రోకోలో పట్టాల మీద కూర్చుని టీవీలో కనబడ్డాడు, అదీ సగం మొహమే. అయినా అప్పటినుంచి అత్తగారింట్లో కోడి కోస్తే కాలు ముక్క వాడి పళ్ళెంలోకే పోతోంది. పెద్దల్లుడైన రామస్వామికి మెడ ముక్క మిగులుతోంది. టీవీ లాక్కుపోయిన కాలు ముక్కను టీవీయే తెచ్చివ్వాలని అతని నమ్మకం.

అడ్డమల్లా సైదులు. పాతికేళ్ళవాడు, మాట తక్కువ, చేతికి గురి ఎక్కువ. మట్టయ్య మనసు వాడి మీదుందని అందరికీ తెలుసు. వాడు ఎదురు బెంచీ మీద కూర్చుని బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటున్నాడు.

"నేను గొప్పలు చెప్పుకునేటోన్ని కాదు మట్టయ్యన్నా" అని మొదలుపెట్టాడు రామస్వామి. అతని గొప్పలన్నీ అలాగే మొదలవుతాయి. "మొన్న మూసారాంబాగ్‌ల బతుకమ్మ ఆడేకాడ బుగ్గల దుకాణం పెట్టిండ్రు. ఊకె చూసిపోదామని ఆగిన. ఆరు బుగ్గలు పెట్టిండ్రు, ఆరు పగిలినయ్. గంతే. చెప్పనీకె ఇంకేమున్నది?"

ఇక్కడి మాటలో బుగ్గలంటే బెలూన్లే. ఆ ముక్క మల్లికార్జునరావుకి ఎప్పుడో పట్టుబడింది. ఆయన తెనాలి వైపు మనిషి, కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్తాడు. సెంటరు మూతపడ్డాక పాఠాలు చెప్పకపోతే తోచక ముత్తమ్మ హోటలుకి వచ్చి కూర్చుంటున్నాడు.

"ఆరుకి ఆరా? బాగానే ఉందండీ రామస్వామిగారూ, కానీ అవి ప్లాస్టిక్ గుండ్లు కదా. మట్టిలోంచి ఏరి మళ్ళీ మళ్ళీ వాడతారు. అవి సూటిగా పోవే!"

రామస్వామి తొడ చరుచుకున్నాడు. "గదే సార్! నా నోట్లె మాట గుంజుకున్నరు. కడిగిన!"

"ఏమిటి కడిగారు?"

"గుండ్లు! జర ఇనుండ్రి. ఉద్యమం రోజులాయె, అసలు గన్ను పెడితే పోలీసోళ్లు గుంజుకపోతరని ఆ దుకాణం నడిపే చెల్లె చైనా గన్ను పెట్టింది. తెల్లటి గుండ్లు, బఠాణీ గింజంత. కొట్టుడు, కిందపడుడు, ఏరుడు, మళ్ల కొట్టుడు. ఒక్కో గుండుకు మూసీల ఉన్న మట్టంత పట్టి ఉన్నది. నేనన్న, చెల్లె, కాలుకు బురద పట్టినోడు సీద నడుస్తడా? మరి గుండెట్ల నడుస్తది? ఓ చెంబు నీళ్లియ్యి. గన్నుల ఉన్నయన్ని తీసిన, ఒక నీళ్లతోని కడిగిన, సబ్బు పెట్టిన, మళ్ల కడిగిన, నా కండువ పరిచి ఆరబెట్టిన. ఈడ నేను కడుగుతుంటే ఆడ బతుకమ్మ ఇడిచిపెట్టి జనమంత నా చుట్టు చేరిండ్రు."

"తానం పోసినవన్నట్టు" అంది ముత్తమ్మ పాలు కలుపుతూ. "సాంబ్రాణి పొగ ఎయ్యలేదా?"

"నవ్వకక్కా. సార్‌ను అడుగు. సార్, సైన్సు ఏమంటది?"

మల్లికార్జునరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ప్రశ్న అడిగితే ఆయన కాదనలేడు. "దుమ్ముంటే గుండు గొట్టానికి ఒరుసుకుని పక్కకి లాగుతుందండీ. శుభ్రంగా ఉంటే కాస్త నయమే. కాస్తే. తడి ఆరకపోతే మాత్రం ఇంకా చెడుతుంది."

"ఇన్నరా? సైన్సు ఒప్పుకున్నది!" అని రామస్వామి లేచి నిలబడ్డాడు. 'కాస్త' అన్న మాట అతని చెవిదాకా రాలేదు. "ఇగ గన్ను పట్టిన. టప్, ఒకటి. టప్, రెండు. మూడు, నాలుగు. ఐదోదానికి ఏమైందో ఎర్కేనా? గన్ను ఎత్తిన, ఎత్తంగనే దగ్గొచ్చింది, దగ్గిన, బుగ్గ పగిలింది. నేనింక గన్ను మీట గుంజనే లేదు!"

"గుండు పోకుండా బెలూన్ ఎలా పగులుతుందండీ?"

"గుండు గంత సాఫ్‌గ ఉన్నదని తెల్సినంక బుగ్గకు ధైర్యముంటదా సార్?"

అందరూ నవ్వారు. రామస్వామి కూడా నవ్వాడు గానీ, నిజానికి ఆ ఐదో బెలూన్ సంగతి అతనికీ అంతుబట్టలేదు. అంతవరకు చెప్పిందంతా జరిగిందే. ఆరు బెలూన్లు అతని కళ్ళ ముందే పగిలాయి, జనం ఈలలు వేశారు, ఎవరో భుజాల మీదికి ఎత్తుకోబోయారు. అతని కోతలన్నిటికీ అడుగున ఆ ఒక్క నిజం పునాదిరాయిలా ఉంది.

"సరే గని, నీ కండువ ఏది?" అన్నాడు మట్టయ్య. "జై తెలంగాణ అని రాయించి మనిషికొకటి ఇచ్చిన. రేపు టీవీ ముందట కండువ లేనోడు నిలవడొద్దు."

రామస్వామి చేయి ఉత్త మెడను తడుముకుంది. బెలూన్లు కొట్టిన నాటి నుంచే కండువా కనబడటం లేదు. ఎక్కడ పడేసుకున్నాడో అతనికే గుర్తులేదు. కానీ గుర్తులేదని చెప్పడం అతని వంశంలో లేదు.

"గా కథనే చెప్పొస్తున్ననే. ఆరో గుండు ఉన్నది చూసిండ్రా, దాన్ని ఇంకింత ఎక్కువ కడిగిన. ఆ కడుగుడే పరేషాన్ చేసింది. టప్‌మన్నది. ఆరో బుగ్గ పగిలింది. గుండు ఆగాలె గదా? ఆగలే. సాఫ్‌గున్న గుండును ఆపేదేమున్నది? చక్కగ సడక్ పట్టుకున్నది. మలక్‌పేట దిక్కు పోకుంట ఇటు మళ్లింది. దిల్‌సుఖ్‌నగర్ దాటింది. బస్సులు లేవు, ఆటోలు లేవు, సిగ్నల్ లేదు, ఖాళీ రోడ్డు. కొత్తపేట పండ్ల మార్కెట్ల ఏమైందో ఎర్కేనా?"

"దిగి బత్తాయిలు బేరమాడిందా?" అన్నాడు సైదులు, బిస్కెట్టు మీంచి కన్నెత్తకుండా.

"బత్తాయిల లారీ నిలవడి ఉన్నది. ఇటు దిక్కు దూరి అటు దిక్కు ఎల్లింది. ఒక్కో కాయకు ఒక్కో పొక్క. లారీ కిందకెల్లి రసం కారుతుంటే హమాలీలు గిలాసలు పట్టుకొని లైను కట్టిండ్రు. సమ్మె రోజుల ఎవ్వరికన్న బత్తాయి రసం దొరికిందంటే నా పుణ్యమే."

అప్పుడే భుజాన గోనె సంచీతో ఒకామె హోటలు ముందుకొచ్చి ఆగింది. మూసారాంబాగ్‌లో ఆ బెలూన్ల దుకాణం నడిపేది ఆమే, యాదలక్ష్మి. రేపటి పోటీకి బోర్డూ తుపాకీ కూడా ఆమెవే. మట్టయ్యతో మాట్లాడదామని వచ్చి, రామస్వామి కథ వినబడేసరికి ముత్తమ్మకు సైగ చేసి మెట్టు మీద కూర్చుంది. రామస్వామి వీపు అటువైపు ఉంది. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకున్నా బాగుపడేవాడు.

"కొత్తపేట దగ్గర రోడ్డు వంపు తిరుగుతుందండీ" అన్నాడు మల్లికార్జునరావు. బాధపడుతూనే అన్నాడు. "గుండు తిన్నగా పోవాలి కదా, వంపు తిరగదే."

"మీ పుస్తకాల గుండు తిరగదు సార్. ఇది ఆటోవాలా కడిగిన గుండు. షార్ట్‌కట్టు కూడ ఎర్క దానికి! ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఎల్బీనగర్ చౌరస్తాల మనోళ్ల ర్యాలీ. ఎదురుంగ పోలీసోళ్లు. ఎస్సై సాబ్ విజిల్ నోట్లె పెట్టుకున్నడు. ఊదిండంటే లాఠీలు లేస్తయ్. దమ్ము గుంజిండు, చెంపలు ఉబ్బిచ్చిండు, ఊదిండు... సప్పుడు లేదు! నా గుండు పోయి విజిల్ల కూసున్నది. మళ్ల ఊదిండు. లేదు. ఆయన ఊదుతనే ఉన్నడు, మనోళ్లు జై తెలంగాణ అనుకుంట ముందల్నుంచే నడిచి పోయిండ్రు. ఒక్క లాఠీ లేవలే!"

ఇక రామస్వామిని ఆపేవాళ్ళు లేరు. ముత్తమ్మ చాయ్ వడగట్టడం మరిచిపోయింది. మట్టయ్య కూడా నోరు కొద్దిగా తెరిచాడు.

"తెల్లారి ఎస్సై సాబ్ ఎతుక్కుంట నా ఇంటికే ఒచ్చిండు. విజిల్లకెల్లి గుండు తీసి అరచేతుల పెట్టి చూపిచ్చిండు. గిట్ల మెరుస్తున్నది, ముత్యం! 'ఏమయ్యా, నా సర్వీసుల బగ్గ గుండ్లు చూసిన గని ఇంత సాఫ్‌గున్న గుండు చూడలే. యాదికుంటది, నీ కండువ ఇయ్యవయ్యా' అన్నడు. ఇంటికొచ్చినోడు అడిగితే ఎట్ల కాదంట? ఇచ్చిన. గదీ కండువ కథ. ఇప్పుడు చెప్పు మట్టయ్యన్నా, రేపు గన్ను ఎవరు పట్టాలె?"

మట్టయ్య జవాబు చెప్పేలోపల మెట్టు మీంచి గొంతు వినబడింది.

"రామస్వామన్నా, నీ కండువ తెచ్చిన."

యాదలక్ష్మి గోనె సంచీలోంచి ముడివేసిన కండువా తీసి బెంచీ మీద పెట్టింది.

"ఎస్సై సాబ్ నీ తానికి పంపిండా అక్కా?" అన్నాడు సైదులు.

యాదలక్ష్మి ముడి విప్పింది. మధ్యలో తెల్లటి గుండ్లు ఉన్నాయి. మల్లికార్జునరావు వంగి, వేలితో ఒక్కోటీ కదిపి చూశాడు. "ఆరున్నాయండీ" అన్నాడు. ఆగి, న్యాయంగా ఇంకో మాట కూడా అన్నాడు. "చాలా శుభ్రంగా ఉన్నాయి."

"ఆరబెట్టినవ్, జనం చప్పట్లు కొట్టంగనే గన్ను ఎత్తినవ్" అంది యాదలక్ష్మి. "గుండ్లు ఎయ్యనే మర్సినవన్నా. ఉత్త గన్నే టప్ టప్ మనిపిచ్చినవ్."

"మరి బుగ్గలెట్ల పగిలినయ్?" రామస్వామి గొంతు సన్నగా వచ్చింది.

ఆమె గాజుకు వేలాడుతున్న పిన్నీసు తీసి చూపించింది. "సమ్మె మొదలైనప్పటి సంది నా దుకాణం మొకం చూసినోడు లేడు. నువ్వొచ్చి గుండ్లు కడిగితివి, కడుక్కుంట ఉపన్యాసం చెప్తివి, తిరునాల లెక్క జనం చేరిండ్రు. నువ్వు తప్పితే నవ్వుకుంట పోతరు గదా? బోర్డు ఎనక గోనె పట్ట చాటుకు పోయిన. నీ గన్ను టప్‌మన్నప్పుడల్ల ఎనకకెల్లి పొడిచిన. ఒక్కపారి నువ్వు దగ్గితే గన్ననుకొని పొడిచిన."

హోటలంతా గొల్లుమంది. సైదులుకి చాయ్ పొలమారింది. మల్లికార్జునరావు ముఖం మాత్రం వెలిగిపోయింది. అందాకా తేలని ఐదో బెలూన్ లెక్క తేలింది మరి.

రామస్వామి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ముత్తమ్మ హోటలు పెట్టినప్పటినుంచి అలా జరగడం అదే మొదలు. బత్తాయిలు పోయినందుకు అతనికి విచారం లేదు, ఎస్సై విజిల్ పోయినందుకూ లేదు. అవి తను కన్నవే, రేపు ఇంకో రెండు కనగలడు. కానీ ఆ ఆరూ నిజమనుకున్నాడు. జన్మలో ఒక్క సాయంత్రం తన చేయి తప్పకుండా సూటిగా పోయిందనుకున్నాడు. అది కూడా పోయేసరికి లోపల చాలా కష్టమనిపించింది. కళ్ళ ముందు కోడి కాలు తోడల్లుడి పళ్ళెంలోకి మళ్ళీ దూకింది.

"ఇగ రేపటికి సైదులే" అన్నాడు మట్టయ్య కళ్ళు తుడుచుకుంటూ.

"సైదులు మంచిగ కొడ్తడు" అంది యాదలక్ష్మి. "ఆరు గుండ్లు, ఆరు బుగ్గలు, చాయ్ సల్లారకముందే అయిపోతది. టీవీ వాళ్లు కెమెరా సదురుకొని పోతరు. జనం గంట సేపు కదలకుంట నిలవడాలంటే గుండ్లు కడిగేటోడు కావాలె మట్టయ్యన్నా."

మట్టయ్య గడ్డం గోక్కున్నాడు. జనం నిలబడటమే కదా అసలు కావలసింది. సైదులు కేసి చూశాడు.

"నాకు గుండ్లు కడుగుడు రాదన్నా" అన్నాడు సైదులు.

"అయితే రామస్వామే" అన్నాడు మట్టయ్య.

రామస్వామి కండువా తీసుకుని దులిపి మెడలో వేసుకున్నాడు. వీపు దానంతటదే నిటారైంది. గుండ్లు ఆరూ జాగ్రత్తగా చొక్కా జేబులో పోసుకుని యాదలక్ష్మి వైపు తిరిగాడు.

"చెల్లె, రేపు చూడు నా తడాఖా. ఏడు నీళ్లతోని కడుగుత. ఒక్కటి తప్పదు. నువ్వు ఎనక నిలవడే పనే లేదు."

యాదలక్ష్మి పిన్నీసును మళ్ళీ గాజుకు తగిలించుకుంటూ లేచింది.

"కడుగన్నా. నువ్వు గుండ్లు కడుగు, నేను పిన్నీసు కడుక్కొస్త."