జరిగిన టేపు

రిలే ఫైనల్‌కి ఇంకా పావుగంట ఉంది. ఆఖరి అంచె పరిగెత్తే అమ్మాయి ట్రాక్ మీద అతికించుకున్న టేపు ముక్క దగ్గర కాలేజీ కోచ్ గొంతుక్కూర్చున్నాడు. బాటన్ తెచ్చే పిల్ల ఆ టేపు దాటగానే, ఈమె వెనక్కి చూడకుండా పరుగందుకోవాలి.

"దీన్నెందుకు నీ దగ్గరికి జరిపావమ్మా?"

"ఎదురుగాలి కదా సార్, బాటన్ తెచ్చేది నెమ్మదిగా వస్తుందని..."

"జెండా కూడా కదలట్లేదు. ఆ పిల్ల కాలికేమైంది?"

"ఏం కాలేదు సార్."

"నా మొహం చూసి చెప్పు."

"పొద్దున వార్మప్‌లో తొడ పట్టేసింది. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

"ఎందుకట?"

"రేపట్నుంచి మీరు రిటైరు కదా సార్. అన్ని కప్పులూ తెచ్చారు, రిలే కప్పొక్కటే..."

కప్పుల అల్మారాలో ఇన్నేళ్ళూ తను ఖాళీగా ఉంచిన చోటు కోచ్ కళ్ళ ముందు మెదిలింది.

"దానికోసం కాలు పోగొట్టుకుంటుందా? వెళ్ళు, దాన్ని కూర్చోబెట్టి ఎక్స్‌ట్రా పిల్లని రమ్మను."

"ఆ పిల్ల ఇంకా నెమ్మది సార్. ఓడిపోతాం."

ఆయన గోటితో టేపు పీకి ఆమె చేతిలో పెట్టాడు.

"అయితే ఇంకో అడుగు దగ్గరికి జరుపు."