గురి కుదరని బేరం

2001. హిందూపురం బజారులో ఒక తుపాకుల అంగడి. గల్లా ఇవతల పరిగి దగ్గర పట్టుపురుగులు మేపే తిమ్మప్ప, అతని భార్య నీలావతి. అవతల అంగడి గంగాధర.

"ఇదీ వద్దా?"

"వద్దు. శానా పొడుగుండాది. మన తలుపులో పట్టదు."

"తుపాకి చేతిలో పట్టాల గానీ తలుపులో పట్టేదేందే నీలావతీ?"

"గదిలో నువ్వు దాన్ని ఇట్ల తిప్పుకొనేలోపల దొంగ పట్టుగూళ్లు ఎత్తుకొని మార్కెట్లో అమ్మేసింటాడు."

"అక్క చెప్పింది నిజమే తిమ్మప్పన్నా. ఇంట్లోకి పొట్టిదే మేలు. ఇదో, ఒంటి గొట్టం. తూటాలు కూడా చూపించేదా?"

"తర్వాత చూద్దాం."

"ఒగటే గొట్టమా గంగాధరా? ఒగసారి కాల్చినాక?"

"ఇంగో తూటా పెట్టుకోవాలక్కా."

"ఈయప్పకు అద్దాలు వెతుక్కునేకే అర్ధగంట పడతాది. ఏమయ్యా, గన్ను కొనేముందర నీ కన్ను చూపిచ్చుకో."

"నా కన్నుకేమే? గురి చూసి కొట్టినానంటే..."

"నీకు వచ్చేది గురక. గురి యాడొస్తాది?"

"నవ్వొద్దు గంగాధరా! ఏడాది తిరిగినా నేను దీనికి. పెనుకొండకే పదకొండుసార్లు. పెనుకొండ పోయి పెనం మీద కొండ అయింది నాకు. లైసెన్సు వచ్చేలోపల ఉండే సెన్సు పోయింది. రేపు సోమవారంతో గడువు. కొనకపోతే మళ్లీ మొదటికాణ్నుంచి రావాల. ఈడికొచ్చినాక ఈమె తలుపు కొలతలు తీస్తాంది!"

"కోపం వద్దన్నా. డబల్ చూడు. జోడెద్దుల మాదిరి జోడు గొట్టాలు."

"జోడెద్దులకు పగ్గముంటాది. దీనికేముండాది?"

"సేఫ్టీ ఉందక్కా. ఈ మీట ఇట్ల జరిపితే కాలదు."

"ఎప్పటికీ కాలకుండా పెట్టేకి వస్తాదా?"

"ఎప్పటికీనా?"

"అడిగితే తప్పా? కాలితే మనిషికి యాడ తగులుతాది? కాలికి తగిలితే బతుకుతాడు కదా?"

"అదీ... దూరాన్ని బట్టి అక్కా. దగ్గర్నుంచైతే చెప్పలేం."

"చూడు గంగాధరా, చూడు! దొంగను కాల్చేకి వచ్చినామా, వాని కాలికి కట్టు కట్టేకి వచ్చినామా? పోయినేడు ఉగాదికి ముందర మూడు మూటల గూళ్లప్పా! నెల దినాలు కంటికి రెప్పెయ్యకుండా మేపినాం. గూళ్లు తట్టల్నుంచి విడిపించి మూటలు కట్టి పెట్టుకుంటిమి, తెల్లారి మార్కెట్టుకు ఏస్తామని. తెల్లారేసరికి మూటల్లేవు. కుక్క కూడా మొరగల్యా. ఊరంతా నా మొగమే చూస్తాంది, 'ఎవరప్పా, ఎవరప్పా' అని. ఆ దొంగనాకొడుకు దొరికితే..."

"తిట్టొద్దు."

"ఏం?"

"అంగట్లో నోరు పారేసుకోవద్దంటాండా. గంగాధరా, పిట్టలు కొట్టే గాలి తుపాకి లేదా?"

"ఉందక్కా. దానికి లైసెన్సే వద్దు. అయితే దాంతో దొంగ పోడు, పిట్ట పోతాది."

"అది సాలు."

"సాలా! ఏడాది పాటు పోలీసు స్టేషనుకూ ఆఫీసుకూ తిరిగింది పిచ్చుక కోసమా?"

"అన్నా, అన్నా, అరవద్దు. లోపల ఇంగొకటి ఉంది, కొంచెం తేలిక. తెస్తా ఉండు. తూటాలు ఎన్ని తేవాల?"

"ముందు తుపాకి తే."

"రెండోసారన్నా నేనడిగేది."

"తే అబ్బా, పో!"

"పోతాండా అన్నా."

"వాడు లోపలికి పోయినాడు. ఇప్పుడు చెప్పు. ఏముండాది నీ కడుపులో?"

"ఏమీ లేదు."

"ఇంటికాడా ఏమీ లేదు. బస్సులో ఏమీ లేదు. ఈడొచ్చి ప్రతి తుపాకికీ వంకే. ఏమీ లేకుండానేనా?"

"మన షెడ్డు వాకిట్లో సున్నం పొడి చల్లిన గోనె పరుస్తాం కదా."

"పరుస్తాం. దాని మీద కాళ్లు పెట్టినాకే లోపలికి పోవాల, పురుగులకు రోగం తగలకుండా. ఆ సున్నానికీ ఈ తుపాకికీ ఏం సంబంధం?"

"ఆ పొద్దు నేను షెడ్డులోకి పోతే నేల మీద తెల్లగా అడుగులుండె. దొంగ సున్నం తొక్కి లోపలికి పోయినాడు."

"తొక్కితే ఏం?"

"దొంగతనానికి వచ్చినోనికి పక్క అరలో పసి పురుగులుండాయనీ, వాటికి రోగం తగులుతాదనీ ఎందుకుంటాదయ్యా? సున్నం తొక్కకుండా లోపలికి పోతే చిన్నప్పట్నుంచీ నీతో తొడపాశం తిన్నోడు ఒగడే కదా."

"మెల్లగా."

"మనల్ని అడక్కుండా మంజులను చేసుకున్నాడని మన కొడుకు సురేషును గడప తొక్కొద్దంటివి. గూళ్లు పోయినప్పుడు ధర్మవరం ఆస్పత్రిలో ఉండె ఆ పిల్ల, నెలలు నిండి. డబ్బులకు వాడు ఎవర్ని అడగాల? నిన్నా?"

"సాలు, నీలావతీ."

"నువ్వు లేసేలోపల అడుగులన్నీ ఊడ్చేసినా. ఏడాది నా కడుపులోనే పెట్టుకున్నా. తిట్టు, కొట్టు, పడతా. వాడు మళ్లీ ఎప్పుడన్నా ఇంటికొస్తే... పేలేది మాత్రం కొనొద్దయ్యా."

"ఇదోన్నా, తెచ్చినా. చూడక్కా, ఎంత తేలికో!"

"కట్టేయ్ గంగాధరా. ఇదే."

"అయ్యో, ఇంతసేపూ నేను చెప్పింది..."

"గమ్మునుండు. కట్టేయప్పా."

"అమ్మయ్య! తూటాలెన్నన్నా?"

"వద్దు."

"ఒగ పెట్టె అన్నా..."

"ఒగటి కూడా వద్దు."

"తూటాల్లేకుండా తుపాకి ఎందుకన్నా? గోడకు మేకు కొట్టుకొనేకా?"

"మేకుకు తగిలిచ్చేకి. నువ్వు పోయి బిల్లు రాయి."

"మూడుసార్లు అడిగినందుకు ఇదా! సరే, రాస్తా."

"ఏమయ్యా. తూటాల్లేకుండా ఎందుకు?"

"ఊరికి చూపిచ్చేకి. తిమ్మప్ప తుపాకి కొన్నాడంటే దొంగ బయటోడేనని నమ్ముతారు. ఎవరప్పా ఎవరప్పా అని అడిగేది మానుకుంటారు."

"అంటే... నీకు తెలుసా? అన్నీ ఊడ్చేసినా కదా నేను!"

"నువ్వు ఊడ్చింది షెడ్డు లోపలే కదే. రోడ్డుకాణ్నుంచి షెడ్డు వాకిలి దాకా నేను అడుగులు ఊడ్చుకుంటా వచ్చేసరికి నీ అలికిడయ్యింది, పరిగెత్తి వచ్చి పండుకొని గురక పెట్టినా."