చేతిలో ఉండిపోయిన గుద్దు

మధ్యాహ్నం మూడున్నర. సన్నగా తుంపర. గాలి లేదు.

బడి గోడ పక్కన, టీ బండి దగ్గర వ్యాను ఆగి ఉంది. ముందు బంపరు వంగిపోయింది. ఎడమ లైటు పగిలింది. మెకానిక్ మోకాళ్ళ మీద కూర్చుని బంపరు సరిచేస్తున్నాడు.

ఆమె గోడకు ఆనుకుని చూస్తోంది. ఆ వ్యాను నడిపేది ఆమె అన్నయ్య. నాలుగింటికి గంట కొడితే పన్నెండు మంది పిల్లల్ని ఇళ్ళకు దింపాలి. అందులో ఒకతె ఆమె కూతురు.

పొద్దున వ్యాను బడి గేటు స్తంభాన్ని గుద్దిందని ఆమెకు ఆస్పత్రిలో తుడుపు డ్యూటీ దిగేటప్పుడు తెలిసింది. పిల్లలకేం కాలేదన్నారు. అయినా యూనిఫాం మార్చుకోకుండానే వచ్చేసింది.

"ఎలా తగిలింది బాబాయ్?" అన్నాడు మెకానిక్.

"నేను తగిలించలేదురా. స్తంభమే ఓ జానెడు ముందుకొచ్చింది," అన్నాడు అన్నయ్య.

అతన్ని అందరూ హారన్ అంటారు. చేసే చప్పుడుకీ వెళ్ళే దూరానికీ పొంతన ఉండదని.

టీ బండి ఆవిడ గ్లాసు అందించింది. అతను ఎడమ చేత్తో అందుకున్నాడు.

"కుడి చేతికేమైంది అన్నా? వారం నుంచి చూస్తున్నా, జేబులోంచి తియ్యవు. లోపల గుడ్లేమైనా పొదుగుతున్నావా?"

గొడుగుల కింద నిలబడ్డ ఇద్దరు తల్లులు నవ్వారు. అన్నయ్య గ్లాసు బల్ల మీద పెట్టి చెయ్యి బయటికి తీశాడు. అది వణుకుతోంది. కనపడని మాత్రేదో చుడుతున్నట్టు బొటనవేలు చూపుడువేలి మీద ఆడుతూనే ఉంది.

ఆమె ఆ వేళ్ళనే చూసింది.

"ఇదా? ఇది గుద్దు," అన్నాడు అన్నయ్య. "అప్పట్లో నేను టాక్సీ నడిపేవాణ్ణిగా, ఓ రోజు స్టేషన్ బయట ఒకాయన చెయ్యెత్తాడు, మెడ మీద పసుపు తువ్వాలు, బీరువా అంత మనిషి, బాక్సింగ్ చాంపియను. పేరు చెప్పను. చెబితే మీరంతా లేచి నిలబడాలి, వీడి చేతిలో స్పానరు జారి కాలి మీద పడుద్ది."

"వద్దులే బాబాయ్, కాలు నాది."

"ఎక్కాడు. కారు అటు ఒరిగిపోయింది, ఇటు రెండు చక్రాలూ గాల్లోకి లేచాయి. మిగిలిన రెండింటి మీదే హోటలు దాకా తీసుకెళ్ళా. దిగి నా భుజం తట్టి, 'తమ్ముడూ, నీ చేతిలో పట్టుంది' అన్నాడు. అంతవరకే అయితే నేను మీకు చెప్పేవాణ్ణే కాదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదు. నువ్వు కల్పించాక తెలుస్తుంది," అంది టీ బండి ఆవిడ.

"మర్నాడు ఆయనతో సాధన చేసేవాడికి జ్వరం. నన్ను పిలిపించాడు. నేను సీటు కవర్లు ఉతుక్కోవాలయ్యా అంటే వినడే! చేతులకి గ్లవుజులు తొడిగారు. ఆయన గుద్దాడు. నేను కుడి చెయ్యి అడ్డం పెట్టా. జనం కళ్ళు మూసుకున్నారు. తెరిచి చూస్తే నేను నిలబడ్డచోటే ఉన్నా, ఆయన జారుకుంటూ పోయి అవతలి గోడకి ఆనుకున్నాడు. మరి ఆ గుద్దు ఏమైనట్టు? నా చేతిలోకి దూరింది! దూరడం దూరింది గానీ బయటికి దారి దొరకలేదు, పాపం. అప్పట్నుంచి లోపలే తిరుగుతోంది."

"ఆ గ్లవుజులున్నాయా ఇంకా?" అడిగింది గొడుగు కిందావిడ.

"ఒకటుంది. అందులో మీ వదిన ఉల్లిపాయలు పోసుకుంటోంది."

ఈసారి మెకానిక్ కూడా పని ఆపి నవ్వాడు. నవ్వు చూస్తే అన్నయ్యకు ఊపొస్తుంది.

"ఈ సంగతి పాకి పాకి ఓ గొప్ప గాయని చెవిన పడింది. ఆకుపచ్చ శాలువా కప్పుకుని, కళ్ళు మూసుకుని పాడుతుందే, ఆవిడే. 'అన్నగారూ, నా వేగం అందుకునే తాళం దొరకడం లేదు, మీరే దిక్కు' అంది. వెళ్ళి స్టేజీ మీద బల్లకి చెయ్యి ఆనించా, అంతే. మూడు గంటలు పాడింది. నేను కదపలేదు, అదే కదిలింది. హాలు పైకప్పు రేకులు తాళం అందుకున్నాయి, పక్క వీధిలో కుట్టుమిషన్లు ఎవరూ తొక్కకుండానే తిరిగాయి, ఓ దర్జీ కునుకు తీసి లేచేసరికి పదిహేడు చొక్కాలు కుట్టి ఉన్నాయి!"

"గుండీలతో సహానా?"

"గుండీలు చేత్తో కుట్టాలిరా. అంత అబద్ధం నేనెందుకు చెప్తాను?"

టీ బండి ఆవిడ గరిటె పక్కన పెట్టేసింది.

"ఇంకా ఉంది. సినిమాల్లో నవ్వించే ఆయన, టోపీ తీసి గుండెలకానించుకుని నిలబడతాడు చూడు, ఆయన సినిమాలో భూకంపం తియ్యాలట. నన్ను పిలిచారు. చూపుడువేలు ఇలా, ఒక్కసారి, గోడకి ఆనించా. సెట్టు కూలింది. పక్క సెట్టూ కూలింది. నదిలో నీళ్ళు వెనక్కి నడిచాయి. భూకంపాలు కొలిచే ఆఫీసు వాళ్ళు యంత్రాలు మోసుకుంటూ వచ్చి, 'అయ్యా, ప్రపంచంలో ఎక్కడ నేల కదిలినా మూలం మీ వేలి దగ్గరే తేలుతోంది, దయచేసి జేబులో పెట్టుకోండి' అని దణ్ణం పెట్టారు. అందుకే పెట్టుకున్నా. నా కోసం కాదమ్మా, మీ ఇళ్ళు నిలబడాలని!"

"మరి పొద్దున?" అన్నాడు మెకానిక్.

"స్టీరింగు పట్టుకోవాలి కదరా, ఓ క్షణం బయటికి తీశా. నేల కదిలింది. చెప్పానుగా, స్తంభమే వచ్చిందని."

అందరూ పడీ పడీ నవ్వారు. అన్నయ్య కోతలకు చిన్నప్పటి నుంచీ అందరికంటే ముందు నవ్వేది ఆమె. ఇవాళ నవ్వు రాలేదు. మూడున్నర దాటి పావుగంట అయింది.

"అన్నయ్యా," అంది. "ఆ ముగ్గురూ నీ బండెక్కలేదు. మా ఆస్పత్రి రెండో అంతస్తులో గోడెక్కారు."

"ఏ గోడ?"

"నరాల డాక్టరు గది బయట గోడ. పసుపు తువ్వాలు, ఆకుపచ్చ శాలువా, గుండెల మీద టోపీ. ఎడం నుంచి కుడికి నువ్వు చెప్పిన వరసే. ఈ చేతులు వణికే జబ్బుతో బతికిన పేరున్నవాళ్ళ ఫొటోలు. చూసి రోగులు ధైర్యం తెచ్చుకుంటారని పెట్టారు. రోజూ పొద్దున్నే ఆ అద్దాలు తుడిచేది నేనే."

మెకానిక్ నవ్వబోయి సగంలో ఆపేశాడు.

"నా డ్యూటీ రెండింటికి అయిపోతుందని నీకు తెలుసు," అంది ఆమె.

"రెండుంబావుకి వెళ్ళేవాణ్ణి."

"ఎన్నాళ్ళుగా?"

"రెండు నెలలు. మెల్లమెల్లగా పెరుగుతుందట. మందులకి వణుకు తగ్గుతుందట గానీ, జబ్బు పోదట." తల వంచుకున్నాడు. "ఆ బెంచీ మీద ఎంతసేపు కూర్చోబెడతారో తెలుసా చెల్లీ? మాట్లాడ్డానికి ఆ ముగ్గురు తప్ప ఎవరున్నారు?"

"బండి నడపొద్దన్నారా?"

"ఒక్క డాక్టరే అన్నాడు."

"గాయని కూడా అనాలా?"

అతనికి నవ్వొచ్చింది. కళ్ళూ నిండాయి. ఎడమ చేత్తో తుడుచుకున్నాడు.

"వ్యాను లేకపోతే నన్నెవరు పలకరిస్తారే?"

"నీ నోటికి జబ్బేం లేదుగా. వెనక సీట్లో కూర్చో. పిల్లలు కొట్టుకోకుండా చూసుకో."

ఆమె చెయ్యి చాచింది. అతను కుడి చేత్తో జేబులోంచి వ్యాను తాళాలు తీశాడు. గలగలమన్నాయి. ఆమె తన రెండు చేతులతో ఆ చేతిని మూసింది. చప్పుడు ఆగింది. లోపల వణుకు మాత్రం ఆమె అరచేతికి తెలుస్తూనే ఉంది.

గంట కొట్టారు.

మెకానిక్ చేతులు గుడ్డకు తుడుచుకుని, ఆమె దగ్గర తాళాలు తీసుకున్నాడు. పిల్లలు ఎక్కారు. హారన్ మామయ్య వెనక కూర్చున్నాడేంటని ఒకడు అడిగాడు.

"ముందు సీటు నా బరువుకి ఆగట్లేదురా. మొన్న ఏనుగుతో కుస్తీ పట్టాను కదా, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పిల్లలంతా వెనక్కి తిరిగారు. మెకానిక్ నెమ్మదిగా నడిపాడు.

ఆమె వ్యాను తలుపు దగ్గర నిలబడి, దిగేవాళ్ళని లెక్కపెడుతూ వేళ్ళు మడిచింది. బేకరీ సందులో ముగ్గురు. పోస్టాఫీసు వెనక ఇద్దరు. వంతెన దాటాక నలుగురు, వాళ్ళలో చిన్నది దిగనని ఏడ్చింది, ఏనుగు ఇంకా ఓడిపోలేదని. మలుపులో మరో ఇద్దరు. చివరికి ఆమె కూతురు, బూట్లు చేత్తో పట్టుకుని గడప దాటింది.

పన్నెండు.

అదే ఇంట్లో అన్నయ్య వాటా మేడ మీద. అతను రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కాడు. ఆమె కిందే నిలబడింది. పైన తలుపు తీసిన చప్పుడు. వచ్చావా అని వదిన గొంతు.

పదమూడు.