చెదిరిన చుక్క

అమెరికాలో, ట్రాయ్‌లోని ఒక గన్ షాపులో తండ్రీ, కాలేజీ చదివే కూతురూ కౌంటర్ దగ్గర నిలబడ్డారు. గురి కోసం పిస్తోలు మీద బిగించే, లోపల ఎర్ర చుక్క కనిపించే రెడ్ డాట్ సైట్‌లోంచి ఆయన గోడకేసి చూస్తున్నాడు.

"చవకైంది, నమ్మకమైంది కావాలంటే షాపువాడు ఇదిచ్చాడేంటమ్మా? చుక్క చెదిరిపోతోంది."

"ఇటివ్వు నాన్నా. నాకు రౌండ్‌గానే కనిపిస్తోంది."

ఆయన సైట్‌ని తిరిగి తీసుకుని మళ్లీ చూశాడు. "ఇందాకటి కాస్ట్‌లీదీ ఇంతే."

"అయితే ప్రాబ్లం సైట్‌ది కాదు, నీ కళ్లది. ఐ డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

"మన వీధిలో బంగారం కోసం ఇళ్లు దోచేస్తుంటే కళ్లజోడు అంటావేంటి?"

"మొన్న నేను గరాజ్‌లోంచి లోపలికొస్తే గన్ నాకు గురిపెట్టావు."

"వెంటనే దించేశాగా!"

"నేనని నీకు ఎప్పుడు తెలిసింది?"

ఆయన సైట్‌ని కౌంటర్ మీద పెట్టేశాడు.

"నువ్వు 'నాన్నా' అన్నాక."