అంచు మీది చుక్క

బోర్డే గదా, రాస్త బిడ్డా నవతా, రాయనని అన్ననా? జర కూసో. రంగు డబ్బా మూత బిగుసుకపోయింది, అది ఊడేదాకనన్న కూసో. ఏమని రాయాల్నన్నవ్, మల్లొక్కసారి చెప్పు... "మగ్గం బట్టలతోని లోపలికి రావద్దు." ఊఁ. గుజరాతీల ఒక లైను, తెలుగుల ఒక లైను. అమ్రోలిల కొత్త హోటల్ పెట్టుకుంటివి. డాక్టర్లు, కంప్యూటర్ కొలువులోళ్లు పిల్లలను తోలుకొని వస్తున్నరు. పక్క బల్ల మీద నూనె మరకల అంగితోని మగ్గం నడిపేటోడు ఎవడన్న కూసుంటే వాళ్లు ముక్కు మూసుకుంటున్నరు. సమజైంది. నీ దుకాణం, నీ ఇష్టం. దాన్ని నేను కాదంటలేను. మా ఐలమ్మక్క గూడ గదే అనేది. "నా పొయ్యి, నా బువ్వ. ఎవనికి పెట్టాల్నో నాకెరుక" అని.

ఐలమ్మ ఎవలంటవా? నువ్వు పుట్టకముందే పోయింది తియ్యి. ఉధ్నా స్టేషన్ వెనుక గల్లీల ఒక రేకుల రూము, అందులనే మెస్సు. సిరిసిల్ల నుంచి మొగనితోని వచ్చింది. ఆయన జెరమొచ్చి పోయిండు. ఈమె ఊరికి తిరిగిపోలే, పొయ్యి ముట్టిచ్చింది. మనిషి ఇంత పొట్టి. గొంతు మాత్రం ఇరవై మగ్గాలు ఆడుతున్నా వినవడేది. పచ్చిపులుసు చేసేది సూడు... ఉల్లిగడ్డ చేతితోని పిసికి, నువ్వులు ఏంచి నూరి... గా రుచి ఇప్పుడు ఎవలకొస్తది? నీది గూడ మంచిగనే ఉంటదిలే, మూతి ముడువకు. ఏం చెప్తున్న? ఆఁ, మెస్సు. మగ్గాల కాడ షిఫ్టు దిగి పగటీలి బువ్వకు ముప్పై మందిమి పోయేది. గడప బయట బకీటు నిండ నీళ్లు, సబ్బు ముక్క, ఒక పాత తువ్వాల. మోచేతుల దాక కడుక్కొని, తల దులుపుకొని లోపలికి రావాలె. ఎవని పళ్లెం వానిదే. స్టీలు పళ్లెం కొనుక్కొని, దాని మీద పేరు కొట్టిచ్చి ఆమె దగ్గర పెట్టాలె. పేర్లు కొట్టింది ఎవలనుకున్నవ్? నేనే. మేకు, సుత్తె, చుక్క పక్కన చుక్క. నాలుగో తరగతి దాక చదివినోన్ని, గా రూములల్ల సోమలింగం అంటే పెద్ద పంతులు. ఆమెకు చదువు రాకపోయె. కానీ వేలితోని తడిమి ఎవని పళ్లెమో చెప్పేది.

ఎవడన్న తప్పు చేసిండనుకో, లొల్లి లేదు, పళ్లెం చేతికిచ్చేది. అంతే. పళ్లెం చేతికొచ్చిందంటే ఇగ బువ్వ లేదన్నట్టు. సురేశ్ అని ఒకడుండె, తాగొచ్చి అన్నం విసిరికొట్టిండు. "తీస్కపో తమ్మీ, సీసల ఉన్నదే పళ్లెంల పోసుకొని తిను" అన్నది. వాడు వారం దినాలు తిరిగి, తలకు పోసుకొని, మంచి అంగేసుకొని వచ్చి గడపల నిలవడ్డడు. మల్ల పెట్టింది.

గప్పుడే సాంబయ్య వచ్చిండు. మన జిల్లనే, మా కార్ఖానాల్నే ఊడ్చే పని. మాట తక్కువ మనిషి. ఎవడో ఆయన కులం ఆరా తీసిండు. ఇగ సూడు... చెప్పాల్నంటే సిగ్గయితది బిడ్డా, ముందుగాల పోయింది నేనే. పేర్లు రాసేటోన్ని గదా, నేనే పెద్దమనిషినని లోపల ఉండె. "అక్కా, గాయిన పంక్తిల కూసుంటే మేం రాము. నీ మెస్సు, నీ ఇష్టం. వద్దని చెప్పు" అన్న. ఆమె పప్పు కలుపుతున్నది, గంటె ఆపలే. "సరే తమ్మీ, వద్దని చెప్త" అన్నది. నేను మీసం మీద చెయ్యేసుకొని వచ్చిన. తెల్లారి పగటీలి పోతే నా పళ్లెం తెచ్చి నా చేతిల పెట్టింది. "వద్దని చెప్పుమంటివి గదా, చెప్తున్న."

పదకొండు దినాలు పావ్, చాయ్. చాయ్, పావ్. గా గల్లీ ముంగటికెళ్లి పోతే పులుసు వాసన... పన్నెండో నాడు పోయి గడపల నిలవడ్డ. లోపలికెళ్లి కొత్త పళ్లెం తెచ్చిచ్చింది. "సాంబయ్యది. పేరు కొట్టుకరా. నీది గూడ పట్టుకరా" అన్నది. కొట్టిన. మంచిగనే కొట్టిన, సున్న గూడ గుండ్రంగ. కానీ బుద్ధి ఊకుంటదా? అంచు మీద ఒక్క చుక్క ఎక్కువ పెట్టిన. నువ్వుగింజంత. మావోళ్లకు చదువు రాదు గదా, గా చుక్క చూసి గా పళ్లెం ముట్టకుండ తప్పుకుంటరని. ఒకలిద్దరి చెవులల్ల ఏసిన గూడ.

ఆమె పళ్లెం అందుకొని ఎప్పటిలెక్క తడిమింది. పేరు తడిమింది. అంచు తడిమింది. వేలు ఆగింది. నా మొకం సూసింది. బువ్వ పెట్టింది. తెల్లారి పోయిన. ముప్పై పళ్లేలు బిడ్డా, అన్నిటి అంచు మీద చుక్క! సుత్తె పట్టి ఎరుగని చెయ్యి, కొన్ని వంకర పోయినయ్, కొన్నిటికి అంచే సొట్టవడ్డది. బొటనవేలుకు గుడ్డ చుట్టుకొని వడ్డిస్తున్నది. అన్నిటికన్న లోతుది నా పళ్లెం మీద. సాంబయ్య వచ్చి నా పక్కకే కూసున్నడు. ఆయనకు ఎరుకనో కాదో, ఇప్పటికీ నాకు తెల్వది. "అన్నా, జర పులుసు ఇటు జరుపు" అన్నడు. జరిపిన.

ఎక్కడ మ్యూజియంల పెట్టిన అనుకున్నవా గా పళ్లెం? జామ ముక్కలు ఏసి నీ ముంగట పెట్టింది గదే. తడిమి సూడు. అటు కాదు, బొటనవేలు కింద... ఆఁ.

మూత ఊడింది సూడు. రంగు ఎండలే, పనికొస్తది. చెప్పు బిడ్డా, పై లైను గుజరాతీల రాయాల్నా, తెలుగుల రాయాల్నా? ఏందీ? బకీటా? ఉన్నది, బాత్రూం పక్కన నీలంది. పెద్దదే, నీ గడప బయటికి సరిపోతది, తీస్కపో. పిడి జర ఊగుతది, నిండ పోయకు.