నా కాలి కింది బ్రేకు

సభకు పెద్దగా కూర్చున్న రామభద్రరావు గారికి, బోయిన్‌పల్లి నుంచి, సైనిక్‌పురి నుంచి వచ్చిన నా పాత శిష్యులకు, వాళ్ల తల్లిదండ్రులకు ఈ మౌలా అలీ సలాములు, నమస్కారాలు. నా చదువు నాలుగో తరగతి. ఈ కాగితం నేనే రాసిన, చదివేది నేనే గనక తప్పులు మీకు కనబడవు. (నవ్వులు)

ముప్పై ఎనిమిదేండ్లు ఈ రాంగోపాల్‌పేట్‌ల కారు నడుపుడు నేర్పిన. నాకంటే మంచిగ నేర్పినోడుంటే చెయ్యి లేపండి. రావు సాబ్, మీరు దించండి, మీరు గేటుకు గుద్దింది నాకింకా యాదుంది.

నేర్పేటోడు కూసునే పక్క సీటు కింద, నా కాలికి ఇంకో బ్రేకు ఉంటది. మగపిల్లలకు పదిహేనో రోజుకే దాని మీదికెళ్లి కాలు తీసేటోణ్ని, ఆడపిల్లలకు నెల దాటినా తీయకపోయేటోణ్ని. ఇన్నేండ్లు చూసినంక చెప్తున్న, తప్పు చేసిన. తేడా ఆడ మగల లేదు, ఇంట్ల ఉంది. ఏ పిల్లగాని తల్లి దగ్గర కూసొని "ఇయ్యాల ఎట్ల నడిపినవ్ రా" అని అడిగేదో వాడు నిమ్మలంగ పోయేటోడు. ఎవని తండ్రి తాళం విసిరేసి "మగోడివి, నడుపు" అని పోయేటోడో, వాడు ఎవరన్న చూస్తరేమో అని బండి ఉరికించేటోడు.

ఆ తండ్రి నేనే. మా ఖలీల్‌కు పద్దెనిమిది నిండిన రోజు తాళం విసిరిన. పదో రోజుకు బండి గుద్దిండు, వాని కాలుల రాడ్డు వేసిండ్రు. దవాఖానల అన్నడు, "అబ్బాజాన్, లోకానికంత నేర్పినవ్, నా పక్కన ఒక్క రోజన్న కూసున్నవా?"

జెర నీళ్లియ్యండి.

మా పెద్ద బిడ్డ షాగుఫ్తా కారు నేర్పమంటే "నీకెందుకమ్మా, నేను తీస్కపోత గద" అన్న. అది వేరే డ్రైవింగ్ స్కూలుకు పోయి, ఫీజు కట్టి నేర్చుకుంది. మౌలా అలీ బిడ్డ! లైసెన్సు వచ్చి మూడేండ్లట, నాకు పోయిన నెల తెల్సింది. మా ఇంటామె మెహరాజ్‌కు మొదటి రోజే తెల్సు. నవ్వు మెహరాజ్, నవ్వు. (నవ్వులు)

కోపమొచ్చింది. తర్వాత సమజైంది: నన్ను మళ్లొకసారి అడుగుడు కంటే లారీల నడుమ పోవుడే దానికి అల్కగ అనిపించింది. గది నాకు సిగ్గు.

నేనిగ మానేస్తున్న గద, స్కూలు ఎవరికిస్తవ్ అంటున్నరు. ఖలీల్‌ను అడిగితే "ఆపాకే, అక్కకే ఇయ్యి, ఆమె దగ్గర మొదటి స్టూడెంటును నేనే అయిత" అన్నడు. షాగుఫ్తా, నువ్వు మాత్రం ఇంక ఒప్పుకోలే బిడ్డా. పక్కన కూసొని నేనే నడిపిస్తనని నీ భయం. సరే, ఇయ్యాల స్కూలు కారుల ఇంటికి నువ్వే తీస్కపో. నేను పక్క సీటుల, రెండు కాళ్లు పైకి మడుచుకొని కూసుంట. ఇల్లు చేరినంక జవాబియ్యి.

శాలువా కప్పినోళ్లకు, బిర్యానీ వండినోళ్లకు, నన్ను నమ్మి స్టీరింగు పట్టినోళ్లకు శుక్రియా.

ఇగో బిడ్డా, తాళం. విసరుతలేను, దగ్గరికి రా, చేతుల పెడత.

ఇగ సెలవు.