ఇంప్లాంట్ మీద ఇనుము

లాక్‌డౌన్ సడలాక మరమగ్గాల పేట బమ్రోలిలో మళ్లీ తెరిచిన పళ్ల క్లినిక్ అది. పీపీఈ కిట్టులో చెమటలు కక్కుతున్న డాక్టరు పళ్లు గీకే ఉక్కు కొక్కెం నోటి దగ్గరికి తేగానే, కుర్చీలోని మగ్గం కార్మికుడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. నాటించుకున్న పన్ను ఊడుతుందని అతని భయం.

"ఇంప్లాంట్ మీద బాక్టీరియా జిగురు పొర కట్టిందయ్యా. గీకాలి కదా?"

"ఇనుముతోనా? గీతలు పడితే జిగురు మల్ల ఆడనే పడ్తది."

"మగ్గం నడిపేవాడివి, నాకు పాఠాలా?"

"నడుపుతున్నగనుకనే ఎరుక సార్. పోగు పోయే తావుల ఒక్క గీత పడ్డా నూగంత ఆడనే పేరుకుంటది. ప్లాస్టిక్‌వి లేవా?"

"ఉన్నాయి. ఒక్కసారికే పనికొస్తాయి. వరాఛా వజ్రాల సేట్ల కోసం డబ్బాలో దాచాను."

"ఓహో! సేట్ల పంటికి ప్లాస్టిక్, మా పంటికి ఇనుమా? మస్తు చదివినవ్ సార్! ముందు ఆ డబ్బా తియ్యి. అప్పటిదాంక నోరు తెరువ, కుర్చీ దిగ."